ఇంత పెరిగాక కొనొచ్చా పిన్నీ?

భీమవరం,
ఆదివారం

చి. బుజ్జికి,

ఫోన్లో చెప్పమన్నావు గానీ, ఫోన్లో అయితే నువ్వు సగం విని "సరే సరే" అనేస్తావు. అందుకని కూర్చుని రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో. మార్కెట్ నడిచే వేళ మాత్రం చదవకు.

నువ్వడిగింది ఇది. ఆ ట్రాన్స్‌ఫార్మర్ల కంపెనీ షేరు ఏడాదిలో 310 నుంచి 620కి వచ్చింది. రెండు నెలలుగా 560కీ 620కీ మధ్య తిరుగుతోంది. నీ దగ్గర 3 లక్షలున్నాయి. ఇప్పుడు కొనాలా, 450కి దిగేదాకా ఆగాలా?

ముందు నాకో సంగతి చెప్పరా, ఆ 450 ఎక్కణ్ణుంచి వచ్చింది? నువ్వు మొదటిసారి ఆ షేరుని చూసిన రోజున దాని ధర 450. అంతేగా! నువ్వు ఏ రోజు చూశావో ఆ షేరుకి తెలీదు. అది 450కి రావాలంటే కంపెనీకి ఏదో ఒక చెడు జరగాలి, లేకపోతే మార్కెట్ మొత్తం కూలాలి. ఆ రెంటిలో ఏది జరిగినా ఆ రోజు కొనడానికి నీకు చెయ్యి రాదు. నేను సబ్‌బ్రోకర్ ఆఫీసులో డీలర్‌గా కూర్చున్నన్నాళ్ళూ చూసింది ఇదే. తగ్గితే కొంటాం అన్నవాళ్ళు తగ్గాక, ఇంకా తగ్గుతుందేమో అనేవాళ్ళు. పొద్దున్నే వచ్చి, ఏడాది కనిష్ఠానికి పడిన షేర్ల జాబితా అడిగి, ఆషాఢం డిస్కౌంటులో చీరలు ఏరుకున్నట్టు ఏరుకునేవాళ్ళు. చీర సగం ధరకొచ్చినా చీరే. గ్రోత్ షేరు సగానికొచ్చిందంటే చాలాసార్లు అందులో గ్రోత్ అయిపోయిందని అర్థం.

అలాగని పెరిగినదల్లా కొనేయమని కాదు. జొమాటో సంగతి చెబుతాను విను, నీకు రోజూ అన్నం పెట్టే కంపెనీ కదా. ఇప్పుడు పేరు ఎటర్నల్ అని మార్చుకుంది. 2021 జూలైలో 76 రూపాయలకి ఇష్యూ ఇచ్చింది. నవంబరుకల్లా 169 దాకా వెళ్ళింది. అప్పటికి లాభమన్న మాటే లేదు. ఆ ఏడాది జూలై–సెప్టెంబరు త్రైమాసికంలో నష్టమే 430 కోట్ల పైచిలుకు. 2022 జూలైలో, ఇష్యూకి ముందు నుంచీ ఉన్న ఇన్వెస్టర్లు అమ్మకూడదన్న లాక్-ఇన్ గడువు తీరింది. అమ్మకాలు మీద పడి షేరు 41 దగ్గరికి జారింది. "76కి ఇచ్చింది 41కి దొరుకుతోంది" అని కొన్నవాళ్ళున్నారు. కలిసొచ్చింది, కాదనను. కానీ ఆర్నెల్లు గడిచాక కూడా, 2023 జనవరిలో అది 50 చుట్టుపక్కలే ఉంది. ఆ ఆర్నెల్లూ వాళ్ళ చేతిలో ఆశ తప్ప ఆధారం లేదు. అలాగే చవకగా కొని పట్టుకున్న వేరే షేర్లు ఎన్ని మళ్ళీ లేవలేదో ఎవరూ చెప్పరు.

2023 ఆగస్టు 3న ఏప్రిల్–జూన్ ఫలితాలొచ్చాయి. లాభం 2 కోట్లు. అంత పెద్ద కంపెనీకి 2 కోట్లు ఏపాటి? పైగా ఆ రెండు కోట్లూ తిండి అమ్మి వచ్చినవి కావు. బ్యాంకుల్లోనూ బాండ్లలోనూ ఉన్న డబ్బు మీద వచ్చిన ఇతర ఆదాయం, పన్ను సర్దుబాటు కలిస్తేనే ఆ అంకె తేలింది. అయినా అంతకు ముందు ఏడాది అదే త్రైమాసికంలో 186 కోట్ల నష్టం. అమ్మకాలు 1,414 కోట్ల నుంచి 2,416 కోట్లకి పెరిగాయి. అంటే అమ్మకం 70 శాతం పైన పెరుగుతూ, నష్టం కరిగిపోతోంది. 86 చుట్టూ ఉన్న షేరు మర్నాడు 95 దాకా లేచింది. 41కి దొరికిన సరుకుని 95 పెట్టి కొనడమేంటి అని చాలామంది వదిలేశారు. తర్వాతి త్రైమాసికం లాభం 36 కోట్లు. ఆ తర్వాతది 138 కోట్లు. 2024 మార్చికల్లా షేరు పాత శిఖరం 169 దాటేసింది. డిసెంబరులో 300 దాటింది.

ఇక్కడ ఆగి ఆలోచించు. 2021 నవంబరులో 169 పెట్టి కొన్నవాడు ఎనిమిది నెలల్లో నాలుగింట మూడొంతులు పోగొట్టుకున్నాడు. 2024 మార్చిలో 169 మీద కొన్నవాడు అదే డిసెంబరులో 300 చూశాడు. కంపెనీ అదే, ధర అదే. ధర ఒక్కటే చూసేవాడికి ఈ రెండు రోజుల మధ్య తేడా తెలియదు. మొదటిసారి వెనకాల నష్టాలు, ముందు లాక్-ఇన్ గడువు. రెండోసారి వెనకాల వరసగా మూడు త్రైమాసికాల లాభం, ఒకదాన్ని మించి ఒకటి.

ఇంకో తేడా కూడా ఉంది, దాన్ని ఆఫీసులో కళ్ళారా చూశాను. షేరు పడి లేస్తున్నప్పుడు పైన ఇరుక్కున్నవాళ్ళు కాచుకుని ఉంటారు. 140కి కొన్నవాడు 140 రాగానే "అసలు వచ్చేసింది, చాలు తల్లీ, అమ్మెయ్" అని ఫోన్ చేస్తాడు. 150కి కొన్నవాడు 150 దగ్గర. అందుకే పాత శిఖరం దాకా ఎక్కడం కష్టంగా, ఆగి ఆగి సాగుతుంది. శిఖరం దాటిందంటే అలా ఇరుక్కున్నవాళ్ళు ఇక లేరు, ఉన్నవాళ్ళంతా లాభంలోనే ఉన్నారు. అమ్మే తొందర తగ్గుతుంది. కొత్త గరిష్ఠం దగ్గర కొనమనడానికి కారణం ఇదే. అమెరికాలో విలియం ఓనీల్ అనే ఆయన 1988లో రాసిన పుస్తకంలో మొత్తుకున్నదీ ఇదే: లాభాలు జోరుగా పెరిగే కంపెనీ, కొన్ని వారాలు ఒకచోట నిలకడపడి, ఆ పరిధి దాటే రోజున కొను, దాటిన చోటు నుంచి 5 శాతం మించి పెరిగిపోతే వెంటపడకు, కొన్న ధర మీద 7, 8 శాతం పడితే ప్రశ్నలు లేకుండా అమ్మేయ్. ఆయన పద్ధతిలో నాకు నచ్చనివి కొన్నున్నాయి. ఈ మూడు ముక్కలు మాత్రం మన మార్కెట్లోనూ పనికొస్తాయి.

మరి నీ ట్రాన్స్‌ఫార్మర్ల షేరు? 560–620 మధ్య రెండు నెలలు నిలబడిందంటే మంచిదే. ఏడాదిలో రెట్టింపైన షేరు ఎక్కడో ఒకచోట అలుపు తీర్చుకోవాలి. ఆ రెండు నెలల్లో ధర తగ్గిన రోజుల్లో వాల్యూమ్ ఎంతుందో చూడు. 565 దగ్గరికి దిగిన రోజుల్లో వాల్యూమ్ పలచబడుతుంటే, అమ్మేవాళ్ళు అయిపోతున్నారన్నమాట. దిగిన రోజుల్లోనే వాల్యూమ్ ఎక్కువుంటే ఎవరో పెద్దవాళ్ళు నెమ్మదిగా బయటపడుతున్నారు. ఎన్ఎస్ఈ రోజూ డెలివరీ లెక్క ఇస్తుంది, అది కూడా చూడు. ఎన్ని షేర్లు చేతులు మారాయో, అందులో ఎన్ని నిజంగా డీమ్యాట్‌కి వెళ్ళాయో అందులో ఉంటుంది. 620 దాటిన రోజున వాల్యూమ్ మామూలు కంటే ఎక్కువుండి, డెలివరీ శాతం కూడా నిలబడితే ఆ కొనుగోలు నమ్మదగ్గది. వాల్యూమ్ మూడింతలై డెలివరీ మాత్రం అడుగంటితే, పొద్దున కొని మధ్యాహ్నం అమ్మే బ్యాచి వచ్చి వెళ్ళింది, అంతే. మధ్యాహ్నం 3 గంటల దాకా ఆగి, ముగింపు 620 పైనే ఉండేలా ఉంటేనే ముట్టుకో. పదకొండింటికి 628 చూసి, మూడున్నరకి 611 దగ్గర ముగిసే షేర్లు బోలెడు.

ఇక ఇప్పుడు అసలు విషయం. ఎప్పుడు కొనాలి అన్నదానికి నా జవాబు ఒక్కటే: నీ అంచనా తప్పైతే ఆ తప్పు తక్కువ ఖర్చులో బయటపడే చోట కొనాలి. 590 దగ్గర కొన్నావనుకో, అది పరిధి మధ్యలో ఉంది. 565కి దిగినా ఏం తేలదు, 610కి ఎక్కినా ఏం తేలదు. రోజూ యాప్ చూసుకుంటూ కూర్చోవాలి. అదే 625కి కొంటే, మళ్ళీ 575కి జారిందంటే ఆ దాటడం ఉత్తిదేనని తెలిసిపోతుంది, బయటికి వచ్చేస్తావు. 35 రూపాయలు ఎక్కువ పెట్టావు గానీ, ఆ ఎక్కువకి సమాచారం కొన్నావు.

లెక్క కూడా అక్కణ్ణుంచే మొదలవ్వాలి. నీ 3 లక్షల్లో ఒక్క షేరు మీద తప్పైతే పోగొట్టుకోవడానికి సిద్ధపడేది ఒక్క శాతం, అంటే 3,000 అనుకుందాం. 625కి కొని 575కి స్టాప్‌లాస్ అంటే షేరుకి 50 రూపాయలు. 3,000ని 50తో భాగిస్తే 60 షేర్లు. పెట్టుబడి 37,500. "ఇంతేనా పిన్నీ" అంటావని తెలుసు. 3 లక్షలూ ఒకే దాంట్లో పెట్టేవాడికి 8 శాతం అంటే 24,000. ఆ అంకె స్క్రీన్ మీద ఎర్రగా కనబడితే ఎవరూ అమ్మరు, "లాంగ్ టర్మ్ పెట్టుకున్నాలే" అంటారు. డీలర్‌గా నేను విన్న లాంగ్ టర్మ్‌లలో ఎక్కువ భాగం అలా పుట్టినవే. 8 శాతం పోతే మళ్ళీ అసలుకి రావడానికి 9 శాతం కూడా అక్కర్లేదు. సగం పోతే రెట్టింపవ్వాలి.

60లో ముందు 30 కొను. నువ్వనుకున్నట్టే నడిచి 640 చేరితే మిగతా 30, కానీ మొత్తం నష్టం 3,000 దాటకుండా అప్పుడు స్టాప్ కూడా కొంచెం పైకి జరుపు. పడుతుంటే యావరేజ్ చేయడం మాత్రం వద్దు. అది మ్యూచువల్ ఫండు సిప్‌కి బాగుంటుంది, ట్రేడరుకి కాదు. 620 మీద 5 శాతం, అంటే 651 దాటాక చూశావా, వదిలెయ్. మళ్ళీ ఇంకోచోట నిలకడపడుతుంది, లేకపోతే వేరే షేరు వస్తుంది.

స్టాప్‌లాస్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండకు. 2009 జనవరి 7న సత్యం షేరు అంతకు ముందు రోజు ముగిసిన 179 నుంచి 40కి వచ్చి పడింది. ఛైర్మన్ స్వయంగా ఉత్తరం రాసి, లెక్కల్లో 5,040 కోట్ల నగదు లేనేలేదని చెప్పాడు. 165 దగ్గర స్టాప్ పెట్టుకున్నవాళ్ళకి 165 ఎక్కడ దొరుకుతుంది? చిన్న షేర్లయితే లోయర్ సర్క్యూట్ తగిలి, కొనేవాడే లేక రోజుల తరబడి అలా ఉండిపోతాయి. స్టాప్ కాపాడని రోజున కాపాడేది ముందు పెట్టిన మొత్తం చిన్నదవడమే.

ఇప్పుడు మన జిల్లా కథ. వనామీ రొయ్యకి 2009లో అనుమతి వచ్చాక ఇక్కడ ఏం జరిగిందో నీకు చెప్పక్కర్లేదు, వరి చేలన్నీ చెరువులైపోయాయి. మేత అమ్మే అవంతి ఫీడ్స్ అమ్మకాలు 2013–14లో సుమారు 1,100 కోట్లుంటే 2017–18కి సుమారు 3,400 కోట్లయ్యాయి. చెరువు గట్టు మీద మేత బస్తాలు మోసినవాళ్ళకి బొంబాయి వాళ్ళ కంటే ముందే కనబడిన గ్రోత్ స్టాక్ అది. ఒక్క 2017లోనే కొన్ని రెట్లు పెరిగింది. ఆ నవంబరులో టీ కొట్టు దగ్గర కూడా దాని పేరే. ఫలితాలు చూస్తే కంపెనీ చరిత్రలోనే మంచివి. నేనిందాక చెప్పిన లాభాల లెక్క ప్రకారం అది పాసే.

ఆ తర్వాతి వేసవిలో రొయ్య ధర పడిపోయింది. రైతులు పిల్ల వేయడానికే వెనకాడారు. మేతలో పడే సోయా, ఫిష్‌మీల్ ధరలు పెరిగాయి. ఆ ఏడాది అమ్మకాలు ఇంచుమించు అంతే ఉన్నాయి గానీ లాభం మూడో వంతు దాకా తగ్గింది. షేరు శిఖరం నుంచి ఏడాది తిరక్కముందే సగానికి పైగా పోయింది. రొయ్యలు పెంచే మీ బాబాయి లాంటి వాళ్ళకి 100 కౌంటు (కిలోకి వంద తూగే రొయ్య) ధర పడ్డ రోజే తెలుసు, కంపెనీ త్రైమాసిక ఫలితాల్లో అది తర్వాత కనబడింది. అందుకని లాభం పెరుగుతోందా అని చూడడంతో ఆపకు, దేనివల్ల పెరుగుతోందో చూడు. ముడి సరుకు చవకవడం వల్ల పెరిగిన లాభం, ముడి సరుకు ప్రియమైతే పోతుంది. నీ ట్రాన్స్‌ఫార్మర్లలో రాగి ఉంది, ప్రత్యేకమైన స్టీలు ఉంది. ఆర్డరు తీసుకున్నాక రాగి పెరిగితే ఆ భారం ఎవరిది, కొనేవాడిదా కంపెనీదా? కాంట్రాక్టులో ధర సవరణ నిబంధన ఉందో లేదో ఇన్వెస్టర్ కాల్ రికార్డులో వెతుకు, అడిగేవాళ్ళు అడిగే ఉంటారు. ఇంకొకటి, పరిధి దాటిన షేరు అలుపు తీర్చుకోకుండా ఏడాది పొడుగునా పరిగెత్తాక దాని వెంటపడితే, స్టాప్ పెట్టుకోవడానికి దగ్గర్లో ఆనవాలే ఉండదు. 2017 చివర్లో అవంతి కొన్నవాడికి ఉన్న ఇబ్బంది అదే. "ఇక్కడికి దిగితే నేను తప్పు" అని చెప్పుకోడానికి చార్టులో చోటు లేదు.

మార్కెట్ వాతావరణం గురించి ఎక్కువ రాయను. 2018 ఆగస్టు చివర్లో నిఫ్టీ కొత్త శిఖరం ఎక్కింది, టీవీల్లో పండగ. అప్పటికి స్మాల్‌క్యాప్ సూచీ మాత్రం జనవరి శిఖరానికి చాలా కింద ఉంది. నిఫ్టీ చూసి చిన్న కంపెనీలు కొన్నవాళ్ళు మోసపోయారు. నువ్వు కొనే షేరు ఏ తరగతిదో ఆ తరగతి సూచీని చూడు. అది 200 రోజుల సగటు కింద ఉంటే, ఎంత మంచి షేరైనా చాలాసార్లు పరిధి దాటి మళ్ళీ లోపలికి పడిపోతుంది. అలాంటప్పుడు సగం కొను, లేదా అసలు కొనకు. కొనకుండా కూర్చోవడం కూడా ఈ పనిలో భాగమే, మీ తరానికి అది ఒక్కటే కష్టం.

ఫలితాల ముందు రోజు కొత్తగా కొనకు. త్రైమాసికం ముగిశాక 45 రోజుల్లోగా ఫలితాలివ్వాలి, మార్చి ఏడాది లెక్కలకైతే 60 రోజులు. బోర్డు మీటింగు తేదీ ఎక్స్ఛేంజీలో ముందే పెడతారు. ఫలితం బాగుంటే మర్నాడు 5 శాతం ఎక్కువ పెట్టి కొనొచ్చు, బాగోకపోతే 15 శాతం నష్టం తప్పించుకున్నట్టే. అప్పటికే చేతిలో ఉండి, మంచి లాభంలో ఉంటే ఉంచుకో.

పన్ను సంగతి. 2024 జూలై 23 నుంచి ఏడాది లోపు అమ్మితే లాభం మీద 20 శాతం, ఏడాది దాటితే లక్షా పాతిక వేల పైన 12.5 శాతం. పన్ను ఆదా అవుతుందని, 12 నెలలు నిండడానికి నెల ఉందని, కూలుతున్న షేరుని పట్టుకు కూర్చోకు. టెలిగ్రామ్ గ్రూపుల్లో వచ్చే "జాక్‌పాట్ కాల్స్" చూడకు. రోజూ అప్పర్ సర్క్యూట్ కొట్టే షేరు నువ్వు కొనాలనుకున్న రోజు దొరకదు, దొరికిన రోజు అమ్మాలనుకున్నా అమ్మలేవు. మీ ఫ్రెండు ఆప్షన్లలో సంపాదిస్తున్నాడన్నావు. 2021–22 నుంచి 2023–24 దాకా మూడేళ్ళ లెక్కలు తీసి సెబీ చెప్పింది, ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్లలో) దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని. ఆ అబ్బాయి మిగతా 7 శాతంలో ఉంటే సంతోషం. కాంట్రాక్ట్ నోట్లు చూపించమను.

నీ షేరు గురించి ఇంకొక్కటి నాకు తేలలేదు. ఆ కంపెనీ సరుకు ఎక్కువగా ఎవరికి వెళుతోంది? రాష్ట్రాల ట్రాన్స్‌మిషన్ కంపెనీలకీ డిస్కంలకీ అయితే, బిల్లు వేశాక డబ్బు ఎన్నాళ్ళకి వస్తోందో చూడాలి. వార్షిక నివేదికలో ట్రేడ్ రిసీవబుల్స్ అని ఉంటుంది, దాన్ని అమ్మకంతో భాగించి 365తో గుణించు. నిరుడు 95 రోజులుండి ఈ ఏడాది 140 అయితే, లాభం కాగితం మీద ఉంది, బ్యాంకులో లేదు. అప్పుడు 620 కాదు, 700 దాటినా నేను కొననివ్వను. ఆ మూడేళ్ళ అంకెలు తీసి, పక్కన వ్యాపారం మీద వచ్చిన నగదు ఎంతో వేసి, నాకు పంపు. ఈలోగా 620 దాటేస్తే దాటనీ.

అక్కని మోకాళ్ళకి చూపించుకోమను, వాయిదా వెయ్యొద్దని నేను చెప్పానని చెప్పు. బాబాయి రొయ్యల పట్టుబడి హడావిడిలో ఉన్నాడు, నిన్ను అడిగానని చెప్పమన్నాడు.

ఇట్లు,
మీ పిన్ని